ఖరీదైన హెడ్‌ఫోన్ పెట్టుకున్నా తేడా తెలియకపోతే లోపం చెవిదేనా?

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు కుదించి రాస్తాను. మీ ఇల్లు పర్లాకిమిడి, చదువు గుణుపురం హాస్టల్లో. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మీ బావ సెలవులకి వస్తూ తన సెన్‌హైజర్ హెచ్‌డి 650 హెడ్‌ఫోన్ తెచ్చి, కొన్నాళ్ళు ఉంచుకుని వినమని ఇచ్చాడు. ఫోన్‌కి తగిలించి విన్నావు. పాత పాటలు మరీ సన్నగా వచ్చాయి. కొత్త పాటల్లో వాయిద్యాలు ఉన్నాయి గానీ గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. బేస్ లేదు. పైగా గదిలో ఫ్యాను శబ్దం కూడా చెవిలో పడుతోంది. నీ 1,200 రూపాయల నెక్‌బ్యాండే నయమనిపించింది. నీ చెవిలో ఏమైనా లోపముందా, డాక్ (డిజిటల్ పాటని కరెంటు సంకేతంగా మార్చే పరికరం), యాంప్ (ఆ సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్) కొంటే తేడా తెలుస్తుందా, దాచుకున్న 30 వేలు ఇలాంటి దానిమీద పెట్టొచ్చా అని అడిగావు.

నేను రాయగడలో మైకుసెట్లు అద్దెకిస్తూ, యాంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేస్తూ బతికినవాణ్ణి. హెడ్‌ఫోన్ల పిచ్చి తర్వాత పట్టుకుంది.

నీ చెవి సంగతి పక్కన పెట్టు. నాకు ముందు అనుమానం వచ్చింది నీ ఫోన్ కవరు మీద. హెచ్‌డి 650కి వచ్చేది లావు జాక్, అంటే మైకుసెట్టు మిక్సర్‌లో పెట్టే 6.3 మిల్లీమీటర్ల పిన్ను. ఫోన్‌కి పెట్టాలంటే దానికి 3.5 అడాప్టర్ తగిలించాలి. ఆ అడాప్టర్ బుర్ర లావుగా ఉంటుంది. ఫోన్‌కి మందపాటి రబ్బరు కవరు ఉంటే ఆ బుర్ర కవరు అంచుకి తగిలి ఆగిపోతుంది, పిన్ను పూర్తిగా లోపలికి దిగదు. చూడ్డానికి దిగినట్టే ఉంటుంది, పాట కూడా వస్తుంది. కానీ వచ్చేది అసలు పాట కాదు.

ఎందుకంటే ఆ పిన్నుకి మూడు భాగాలు. కొన ఎడమ చెవికి, మధ్య రింగు కుడి చెవికి, చివర పొడుగు భాగం రెండింటికీ కలిపి కామన్. పిన్ను కాస్త బయటికి ఉంటే కామన్ తగలాల్సిన చోట నల్లటి ప్లాస్టిక్ పట్టీ తగులుతుంది. కామన్ తెగిపోతుంది. అప్పుడు కరెంటు ఎడమ వైపు నుంచి వెళ్ళి కుడి వైపు నుంచి తిరిగొస్తుంది. ఫలితంగా రెండు చానెళ్ళలో, అంటే ఎడమ చెవికీ కుడి చెవికీ విడిగా పంపే శబ్దాల్లో, ఒకేలా ఉన్నదంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుని, తేడాగా ఉన్నది మాత్రమే మిగులుతుంది. పాటలో గొంతు ఎప్పుడూ నడిమధ్యన, అంటే రెండు చానెళ్ళలో సమానంగా ఉంటుంది కాబట్టి ముందు అదే మాయమవుతుంది. దాని చుట్టూ వేసిన ప్రతిధ్వని మాత్రం మిగిలి, గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. బేస్ కూడా సాధారణంగా మధ్యలోనే పెడతారు, అదీ పోతుంది. ఇక పాత పాటలు మోనో, రెండు చానెళ్ళూ ఒకటే. అవి పూర్తిగా పోవాలి. జాక్ అరకొరగా తగులుతుంటే నువ్వన్నట్టు సన్నగా వినబడతాయి. నీ మూడు ఫిర్యాదులూ ఈ ఒక్క రోగానికి అతికినట్టు సరిపోతున్నాయి. మైకుసెట్టు వాళ్ళకిది రోజూ ఎదురయ్యే తంటా. పెళ్ళిలో పాట పెడితే సంగీతం వచ్చి గొంతు రాకపోతే, యాంప్లిఫయర్ జోలికి వెళ్ళేముందు జాక్‌ని ఓ నొక్కు నొక్కుతాం.

పరీక్ష చాలా సులువు. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలో "మోనో ఆడియో" అని ఒకటుంటుంది. అది ఆన్ చేసి ఏదైనా పాట పెట్టు. పాట దాదాపు మాయమైపోతే కామన్ తగలడం లేదని ఖాయం. కవరు తీసేసి, టప్ మని శబ్దం వచ్చేదాకా పిన్ను నొక్కు. లావు జాక్ అడాప్టర్‌లోకి పూర్తిగా దిగిందో లేదో కూడా చూడు, వదులుగా ఉండేది చాలాసార్లు అక్కడే. పాట మామూలుగా నిండుగా వస్తే మోనో మళ్ళీ ఆఫ్ చెయ్యి, మరిచిపోకు.

ఇది బాగైతే నీ ఇబ్బంది సగం పైన పోతుంది. మిగతాది ఇప్పుడు చెప్తాను.

హెచ్‌డి 650 2003లో వచ్చిన మోడల్, ఇంకా అమ్ముడవుతోంది. దాని కాయిల్, అంటే లోపల శబ్దం పుట్టించే తీగ చుట్ట, 300 ఓమ్‌లు. స్పీకర్ల వాయిస్ కాయిల్ నేను చేత్తో చుట్టినవాణ్ణి. 8 ఓమ్‌ల కాయిల్‌కి తీగ కంటికి కనబడేంత మందం ఉంటుంది, చుట్లు లెక్కపెట్టుకుంటూ చుట్టొచ్చు. 300 ఓమ్‌లు రావాలంటే వెంట్రుక కన్నా సన్నని తీగ, చాలా చుట్లు. అది చేత్తో అయ్యే పని కాదు. ఇంత నిరోధం ఉంటే అదే వోల్టేజికి కరెంటు తక్కువ పారుతుంది. అందుకే "ఇది ఫోన్‌కి పనికిరాదు, యాంప్ ఉండాల్సిందే" అనే మాట పుట్టింది. అందులో కొంత నిజముంది, చాలా అతిశయం ఉంది.

లెక్క చూడు. కంపెనీ చెప్పేదాని ప్రకారం ఈ హెడ్‌ఫోన్‌కి 1 వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్ వస్తాయి. నీ ఫోన్ పూర్తి వాల్యూమ్‌లో అర వోల్టే ఇస్తుందనుకుందాం. వోల్టేజి సగమైతే 6 డెసిబెల్స్ తగ్గుతాయి, అంటే 97. దానికి ఖర్చయ్యే పవర్ ఒక మిల్లీవాట్ కూడా కాదు! మేము దసరా పందిట్లో వందల వాట్లు తగలేస్తాం. అయితే ఈ 97 పాటలో అన్నిటికన్నా పెద్ద దెబ్బ పడినప్పటి మాట. ఇప్పటి సినిమా పాటల్లో సగటు దానికి 10 డెసిబెల్స్ దాకా కిందుంటుంది, కచేరీ రికార్డింగుల్లో 20 దాకా కూడా పోతుంది. అంటే కొత్త పాట 87 దగ్గర, కచేరీ 77 దగ్గర. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఇది చాలు. ఇంకా పెద్దగా కావాలంటున్నావంటే అది అలవాటు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే వారం మొత్తానికి 4 గంటలే. యాంప్ అమ్మేవాడు ఈ రెండో లెక్క చెప్పడు.

నీ నెక్‌బ్యాండ్ ఎందుకు బాగున్నట్టనిపించిందో కూడా ఇక్కడే తేలుతుంది. దానికి యాంప్ దానిలోపలే ఉంది, దాని చిన్న డ్రైవర్‌కి, అంటే లోపలి బుల్లి స్పీకర్‌కి, సరిపడా కొలిచి పెట్టింది. అందువల్ల గట్టిగా మోగుతుంది. ఒకే పాటని రెండు చోట్ల వినిపించి ఒకటి కాస్త గట్టిగా పెడితే, మనిషి ఆ గట్టిగా ఉన్నదే బాగుందంటాడు. ఎంత గట్టిగా ఉందో కూడా గుర్తించడు, "క్లారిటీ ఉంది" అంటాడు. పైగా శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ ఇంకా ఎక్కువగా తగ్గినట్టు వినబడుతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే ఇది కొలిచి చూపించారు. కాబట్టి పోల్చేటప్పుడు రెండింట్లోనూ గొంతు ఒకే ఎత్తులో వినబడేలా వాల్యూమ్ సర్దుకో. వాయిద్యాలతో సర్దితే మోసపోతావు, ఒక్క గొంతే ఉన్న చరణం మొదలు పట్టుకో.

ఇక బేస్. జాక్ బాగుచేశాక కూడా నీకిది తక్కువే అనిపిస్తుంది, ముందే చెప్తున్నాను. హెచ్‌డి 650 వెనక వైపు మూత ఉండదు, జాలీ ఉంటుంది. గొంతు, వయొలిన్, వీణ ఉండే మధ్య భాగం అద్భుతంగా ఉంటుంది గానీ 60 హెర్ట్జ్ కిందికి పోయేసరికి బలం తగ్గుతుంది. డీజే పాటలో గుండెల్లో గుద్దే దెబ్బ ఉండేది సరిగ్గా అక్కడే. నెక్‌బ్యాండ్ రబ్బరు చెవి రంధ్రాన్ని మూసేస్తుంది కాబట్టి వేలి గోరంత డ్రైవర్ కూడా బేస్ దంచగలదు. తయారుచేసేవాళ్ళు దాన్ని ఇంకాస్త పెంచి పెడతారు, ఎందుకంటే రోడ్డు మీద, బస్సులో ముందు వినబడకుండా పోయేది బేసే. ఆ రుచికి అలవాటుపడిన చెవికి సమంగా ఉన్నది చప్పగా తోస్తుంది. అది చెవి లోపం కాదు, అలవాటు. మీ బావ ఇచ్చినన్నాళ్ళూ నెక్‌బ్యాండ్ ముట్టుకోకుండా దీంతోనే విను. తర్వాత మళ్ళీ నెక్‌బ్యాండ్ పెట్టుకున్నప్పుడు తెలుస్తుంది తేడా. కొత్తది పెట్టుకున్నప్పుడు తెలియనిది పాతదానికి తిరిగి వెళ్ళినప్పుడు తెలుస్తుంది, ఇది నేను చాలామందిలో చూశాను.

ఫ్యాను శబ్దం వినబడటం గురించి నువ్వు ఫిర్యాదులా రాశావు గానీ, నీ మొత్తం ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట అదే. వెనక జాలీ ఉందంటే లోపలి పాట బయటికి పోతుంది, బయటి శబ్దం లోపలికి వస్తుంది. మన వైపు ఎండాకాలం ఫ్యాను అయిదు మీద పెట్టకుండా ఎవడు కూర్చోగలడు? ఆ గాలి హోరు నేరుగా పాటలోని బేస్ మీద పడి దాన్ని కప్పేస్తుంది. రేకుల ఇల్లయితే వానాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. ఇక హాస్టల్లో పక్క మంచం వాడికి నీ పాటంతా వినబడుతుంది, రెండో రోజే గొడవ. గుణుపురం ప్యాసింజర్లో పెట్టుకుంటే కాశీనగర్ దాటేలోపు తీసేస్తావు. నువ్వు ఎక్కువగా వినేది రైల్లో, హాస్టల్లో అని నువ్వే రాశావు. అక్కడికి ఈ రకం హెడ్‌ఫోన్ పనికిరాదు, దాని ఖరీదు ఎంతైనా సరే.

మీ బావకి అది అంత బాగా ఎందుకు వినబడుతోందో నేను ఊహించగలను. రాత్రి ఏసీ గది, తలుపు మూసి ఉంటుంది, కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటాడు, పాట తప్ప వేరే పని ఉండదు.

పాట ఎక్కడినుంచి వస్తోందన్నది మరో సంగతి. చాలా పాత పాటలు యూట్యూబ్‌లోకి ఎక్కింది అరిగిపోయిన క్యాసెట్ల నుంచి. అందులో పై స్వరాలు ఎప్పుడో పోయాయి, టేపు బుస మాత్రం భద్రంగా ఉంది. మంచి హెడ్‌ఫోన్ ఆ బుసని కూడా అంతే శ్రద్ధగా వినిపిస్తుంది. ఘంటసాల పోయింది 1974లో. ఆయన పాటల్లో ఎక్కువ భాగం మోనోయే కాబట్టి ఏ హెడ్‌ఫోన్‌లో విన్నా గొంతు, వాయిద్యాలు అన్నీ తల మధ్యలో ఒకచోటే కూర్చుంటాయి. అది హెడ్‌ఫోన్ తప్పు కాదు. పాటల కంపెనీ వాళ్ళే పెట్టిన పాటలు, చందా కట్టించుకునే యాప్‌లో ఉన్నవి వింటే వేరేగా ఉంటుంది. హై-రెస్ (సీడీని మించిన నాణ్యత) అనే ముద్ర కోసం మాత్రం ఎక్కువ డబ్బు కట్టకు. సీడీ నాణ్యతే, అంటే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మనిషి చెవి వినగలిగిన 20 వేల హెర్ట్జ్‌ని దాటి ఉంది. నా వయసుకి 12 వేలు దాటితే నాకు నిశ్శబ్దమే, నీకు ఇంకా పై దాకా వినబడుతుంది. బ్లూటూత్‌లో నాణ్యత పోతుందని కూడా తెగ భయపెడతారు. పోతుంది, కానీ మామూలు సినిమా పాటలో ఆ తేడా పట్టుకోవడం నీ వల్ల కాదు, నా వల్లా కాదు.

నేను చిన్నప్పుడు విన్నది మీడియం వేవ్‌లో విశాఖపట్నం, జయపురం కేంద్రాలు. ఆ బ్యాండ్‌లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. కాబట్టి 5 వేల హెర్ట్జ్ పైన మాకు అందింది దాదాపు ఏమీ లేదు. అయినా కార్యక్రమం అయిపోయేదాకా ఎవరూ లేచేవారు కాదు. పాట మీద ఇష్టానికి, పరికరం మీద మోజుకి చుట్టరికం తక్కువ.

మరి ఇంత డబ్బుకి వచ్చేదేమిటి? వస్తుంది, కానీ నువ్వు వెతికిన చోట కాదు. ఒక ఉదాహరణ చెప్తాను. పెళ్ళి పందిట్లో సన్నాయి మేళం నేను లెక్కలేనన్నిసార్లు మైకు పెట్టి వినిపించాను. డోలు అంటే నాకు ఒకే మోత. ఒక మంచి నాదస్వర కచేరీ రికార్డింగు హెచ్‌డి 650లో విన్నప్పుడు డోలు రెండుగా విడిపోయింది. ఒక చేతి పుల్ల దెబ్బ లావుగా, కాస్త ఆలస్యంగా ఆరిపోతూ ఒక పక్క, రెండో చేతి వేళ్ళ తొడుగులు టకటకమని పొడిగా ఇంకో పక్క. వాటి వెనక శ్రుతి పెట్టె ఆగకుండా మోగుతోందని, సన్నాయి ఆగిన క్షణంలో వాయించే ఆయన ఊపిరి తీసుకుంటున్నాడని తెలిసింది. ఎక్కువ శబ్దం రాలేదు, ఎక్కువ బేస్ రాలేదు. కలిసిపోయి ఉన్నవి విడివిడిగా కనబడ్డాయి. ఇది మొదటి పాటకే తెలిసేది కాదు. నీకు అక్షరం అక్షరం తెలిసిన పాట, కనీసం నాలుగైదు వాయిద్యాలున్నది, నిశ్శబ్దంలో విన్నప్పుడు తెలుస్తుంది. ఇది నీకు ముఖ్యమా కాదా అన్నది నువ్వే తేల్చుకోవాలి. పని చేసుకుంటూ వెనకాల పాట మోగితే చాలనుకునేవాళ్ళకి ఇది అక్కర్లేదు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఖరీదు పెరిగితే నాణ్యత పెరుగుతుందన్న నమ్మకం కూడా కాస్త తగ్గించుకో. 2017లో యెరూన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లని కొలిచి, అవి ఏ స్వరాన్ని ఎంత ఎత్తులో వినిపిస్తున్నాయన్నదానికీ వాటి ధరకీ సంబంధమే లేదని అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో రాశాడు. ధరలో తయారీ పనితనం, సౌకర్యం, మన్నిక, విడిభాగాలు దొరకడం, పేరు అన్నీ కలిసుంటాయి. అవి విలువ లేనివని కాదు, కానీ అవి శబ్దం కావు.

డబ్బు విషయానికి వస్తే నా సలహా ఇది. 30 వేలూ ఖర్చుపెట్టకు. 2 వేలు, మహా అయితే 3 వేలు పెట్టి ఒక వైరు ఇయర్‌ఫోన్ కొను. మూన్‌డ్రాప్ చూ 2, సెవెన్‌హెర్ట్జ్ జీరో 2 లాంటివి 2023లో వచ్చాయి, రెండూ ఆ ధర లోపలే దొరుకుతాయి, రెండింట్లోనూ శబ్దం సమంగా ఉంటుంది. జీరో 2లో బేస్ కాస్త ఎక్కువ, నీకదే నచ్చుతుందనుకుంటాను. చెవిని మూసేస్తాయి కాబట్టి రైల్లో పనికొస్తాయి, ఫోన్‌తో సులువుగా మోగుతాయి, యాంప్ ఊసే అక్కర్లేదు. డబ్బాలో మూడు సైజుల రబ్బర్లు వస్తాయి, మూడూ మార్చి చూడు. రబ్బరు సరిగా పట్టకపోతే బేస్ మొత్తం పోతుంది, జనం ఇయర్‌ఫోన్‌ని తిడతారు. తర్వాత కొనే ఫోన్‌లో జాక్ రంధ్రం లేకపోతే వెయ్యి లోపు టైప్-సి డాంగిల్, అంటే ఛార్జింగ్ రంధ్రంలో పెట్టి జాక్ తగిలించుకునే చిన్న ముక్క, ఒకటి చాలు. యాపిల్ వాళ్ళది మంచిదే గానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పూర్తి వాల్యూమ్ ఇవ్వదు, అది చూసుకో.

డాక్, యాంప్ ఇప్పుడు వద్దు. జాక్ సరిగా దిగాక, నిశ్శబ్ద గదిలో, ఫోన్ వాల్యూమ్ చివరిదాకా పెట్టినా కచేరీ రికార్డింగు నీకు చాలకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

చదువు అయిపోయి, నీకంటూ తలుపు మూసుకునే గది ఒకటి వచ్చాక ఇంకా ఈ హెడ్‌ఫోనే మనసులో ఉంటే, బేగి కొనెయ్యాలని కొత్తదానికి పరుగెత్తకు. హెచ్‌డి 650 వాడినది కొనడానికి బాగా పనికొచ్చే సరుకు. చూసేటప్పుడు ఒక మోనో పాట పెట్టు. గొంతు ఒక పక్కకి లాగుతుంటే హెడ్‌ఫోన్ కుడి ఎడమలు మార్చి పెట్టుకో. లాగుడు కూడా పక్క మారితే తేడా హెడ్‌ఫోన్‌దో వైరుదో, మారకపోతే నీ చెవిదో గుబిలిదో. మెత్తలు అణిగిపోయి పల్చబడితే శబ్దం మారిపోతుంది, కొత్త మెత్తలు విడిగా దొరుకుతాయి, ఆ ఖర్చు ధరలో తగ్గించమను. సముద్రం పక్కన, అంటే బరంపురం, గోపాలపురం వైపు వాడినదైతే పిన్ను మీద పచ్చటి చిలుము ఉందేమో చూడు. వైరు రెండు చెవుల దగ్గరా ఊడి వస్తుంది, పాడైతే వైరు ఒక్కటే మార్చుకోవచ్చు. డ్రైవర్ పోయిందని తెలిస్తే మాత్రం ఎంత తగ్గించినా వదిలెయ్. ఆ కాయిల్ ఇక్కడ ఎవరూ చుట్టలేరు.